కందెన మార్చిన రోజు

మా తాతగారి రెండెద్దుల బండి వెనుక ఒక వెదురు గొట్టం వ్రేలాడుతూ ఉండేది. అందులో కందెన ఉండేది. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో మెదిపి చేసిన ఆ నల్లని ముద్దను ప్రయాణానికి ముందు ఆయన స్వయంగా ఇరుసుకు పట్టించేవారు. ఇంట పాలేరు ఉన్నాడు, ఎదిగిన కొడుకులు ఉన్నారు. అయినా ఆ పనిని మరొకరికి అప్పగించేవారు కారు. అంతా అయిన తరువాత కడసీల బిగిసినదో లేదో వేలితో కదిపి చూచి గాని బండి ఎక్కేవారు కారు. ఆ చాదస్తానికి పిల్లలం చాటున నవ్వుకొనేవాళ్ళం.

ఇప్పుడు నా వాకిట ఉన్నది ఏడేళ్ళ వయసు గల చిన్న పెట్రోలు కారు. దానికీ కందెన కావాలి. పేరు మారినది, అంతే. చార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే ఆంగ్లేయుడు 1909లో మోటారు ఇంజన్ల కోసం ఆముదం కలిపిన నూనెను తయారుచేయించి, ఇంగ్లీషులో ఆముదానికున్న పేరును బట్టి దానికి 'కాస్ట్రాల్' అని నామకరణం చేశాడు. నేటికీ ఆ పేరు దుకాణాలలో డబ్బాల మీద కనిపిస్తుంది. మా తాతగారి వెదురు గొట్టానికీ ఆ డబ్బాకూ ఉన్న చుట్టరికం తెలిసిననాడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. తెలుగు చెప్పుకొని బ్రతికేవాడికి ఇటువంటివి లాభాలు.

గత ఏడాది వేసవిలో, ఇంటర్మీడియేటు జవాబు పత్రాలు దిద్దడానికి గుంటూరు వెళ్ళవలసి ఉండి, ముందు రోజు సాయంత్రం తెనాలిలో ఒక మెకానిక్ షెడ్డుకు కారు తీసుకొని వెళ్ళాను. ఇంజను నూనె మార్చే గడువు వచ్చినది. మేస్త్రి చేతిలో మరొక బండి గేరుబాక్సు ఉన్నది. "ఆయిలేగా మాస్టారూ, కుర్రాడు చేసేస్తాడు" అన్నాడు. ఆ కుర్రవానికి పందొమ్మిదేళ్ళు ఉంటాయి. మా కళాశాలలోనే మొదటి సంవత్సరం చదివి, తండ్రి జబ్బు పడగా మానుకొన్నవాడు. నన్ను గుర్తుపట్టి సిగ్గుపడుతూనే పని మొదలుపెట్టాడు. అరగంటలో అయిపోయినది.

మరునాడు ఉదయం నందివెలుగు దాటి కొంతదూరం వెళ్ళేసరికి కారులో ఎర్రదీపం వెలిగినది. కొమ్ముచెంబు నుంచి చుక్క జారుతున్నట్లుండే బొమ్మ అది. నూనె కొంచెం తగ్గి ఉంటుంది, ముందు ఊరిలో బంకు ఉన్నది గదా అనుకొని మరి మూడు కిలోమీటర్లు నడిపాను. తెలివితక్కువతనం నాది. ఆ దీపం నూనె ఎంత ఉన్నదో చెప్పేది కాదు. నూనెను ఇంజనులోని మూలమూలలకు నెట్టే ఒత్తిడి పడిపోయినదని చెప్పేది. అది వెలిగితే ఆగవలసినది అక్కడికక్కడే. డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపిన చప్పుడు మొదలైన తరువాత గాని నేను ఆగలేదు. దిగి చూస్తే వచ్చిన దారి పొడవునా నల్లని చార.

కారును త్రాడుతో లాగించుకొని షెడ్డుకు తెచ్చాము. మేస్త్రి క్రిందికి దూరి ఫిల్టరు విప్పి, ఏమీ మాట్లాడకుండా బయటికి వచ్చి నాకు చూపించాడు. నూనెలోని మలినాలను వడగట్టే ఆ డబ్బీ అంచున ఒక రబ్బరు వలయం ఉంటుంది. ఇంజనుకు డబ్బీ ఆనుకొనే చోట నూనె కారకుండా పట్టి ఉంచేది అదే. పాత ఫిల్టరు విప్పినప్పుడు దాని వలయం కూడా ఊడి రావాలి. మా కారులో అది రాలేదు. ఇంజనుకే అతుక్కొని ఉండిపోయినది. దాని మీద క్రొత్త వలయంతో క్రొత్త ఫిల్టరు బిగించారు. ఒకదానిమీద ఒకటి రెండు వలయాలు. షెడ్డులో ఇంజను నెమ్మదిగా తిరిగినంతసేపు ఆ జోడు ఎలాగో నిలిచినది. రోడ్డు మీద ఒత్తిడి పెరిగేసరికి పక్కకు జారినది. ఇంజనులోని సుమారు మూడు లీటర్ల నూనె రోడ్డు పాలు కావడానికి ఎంతో సేపు పట్టలేదు.

"పాత రింగు ఫిల్టరుతోబాటే వచ్చేస్తుంది మాస్టారూ. ఎప్పుడూ వచ్చేస్తుంది. అందుకని చూడలేదు" అన్నాడు కుర్రవాడు.

మేస్త్రి చేయి ఎత్తాడు. నేను అడ్డుపడ్డాను. చేయి దించి, "రేపటి నుంచి రావద్దు" అన్నాడు.

ఆ తరువాత కారు పదిహేను రోజులు షెడ్డులోనే పడి ఉన్నది. ఆ పదిహేను రోజులలో నేను ఈ నూనె మార్పిడి విద్యలో కొంత పాండిత్యం సంపాదించాను. ఇంత చిన్న పనిలో ఇన్ని రకాల తప్పులకు చోటున్నదని అంతవరకు నాకు తెలియదు.

నూనె దించే బోల్టు సంగతి చూడండి. బోల్టు ఉక్కుది, చాలా కార్లలో అది బిగిసే చాంబరు అల్యూమినియముది, మెత్తనిది. 'గట్టిగా ఉంటే మంచిదే గదా' అని పొడుగు పానా వేసి బిగిస్తే లోపలి మరలు నలిగిపోతాయి. చిన్న కార్లకు సాధారణంగా ముప్ఫై నలభై న్యూటన్ మీటర్ల బిగింపు చాలును. మీ పాఠశాల భౌతికశాస్త్రంలో చెప్పే భ్రామకమే ఇది: పానా పొడుగు రెట్టింపైతే అదే చేతి బలానికి బిగింపు రెట్టింపవుతుంది. ఇందులోని విషాదం ఏమిటంటే, మర చెడగొట్టినవాడికి ఆ సంగతి తెలియదు. ఏడాది తరువాత బోల్టు విప్పినవాడి మీద నింద పడుతుంది. ఆ బోల్టు క్రింద ఉండే పలుచని వాషరు ఒకసారి నలిగి కూర్చుంటే దాని పని అయిపోయినట్లే. దాని ఖరీదు చాలా తక్కువ. అయినా పాతదే తిరిగి వేసేవారు కోకొల్లలు.

ఇక కొలత. ఇంజనుకు మూడు లీటర్లు పడుతుంది. డబ్బాలో మూడున్నర ఉంటుంది. మిగిల్చి ఏమి చేయాలని మొత్తం వంచేస్తారు. వినియోగదారుడు కూడా 'ఎక్కువే పోశాడు, మంచివాడు' అని సంతోషిస్తాడు. కాని నూనె మరీ మించిపోతే గిరగిర తిరిగే క్రాంకు కడ్డీ దానిని కవ్వంవలె చిలుకుతుంది. చిలికితే నురుగు. నురుగులో గాలి ఉంటుంది; గాలి కందెన కాదు. కనుక నూనె తక్కువైనా ముప్పే, బాగా ఎక్కువైనా ముప్పే. కారును చదునైన నేల మీద నిలిపి, క్రొత్త ఫిల్టరు నిండేందుకు ఇంజనును ఒక నిమిషం నడిపి ఆపి, నూనె క్రిందికి దిగనిచ్చి, అప్పుడు గేజి కడ్డీ తీసి రెండు గీతల నడుమ చూడాలి. ఇంత ఓపిక ఎక్కడిది?

చిక్కదనం విషయంలో మనవాళ్ళకొక నమ్మకం ఉన్నది. 'మన ఎండలకు చిక్కటి నూనే పోయాలి' అంటారు. రోహిణి కార్తె ఎండలు చూచినవారెవరైనా ఆ మాటకు తల ఊపుతారు, నేనూ ఊపాను. కాని వేడెక్కిన ఇంజనుకు మాఘమైనా రోహిణి అయినా ఇంచుమించు ఒక్కటే. లోపలి నీటి వేడిని థర్మోస్టాటు అనే తలుపు సుమారు 90 డిగ్రీల దగ్గర నిలుపుతుంది. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే ముందున్న అంకె చలిలో అది పారే తీరును, వెనుకనున్నది 100 డిగ్రీల వేడిలో నిలిచే చిక్కదనాన్ని తెలుపుతాయి. నడుమనున్న అక్షరం చలికాలానికి గుర్తు. నేటి ఇంజన్లలో లోపలి సందులు పలుచని నూనెకు తగినట్లు చేసినవి. 2020 ఏప్రిల్ నుంచి మన దేశమంతటా అమలైన బి.ఎస్.-6 ప్రమాణం డీజిలు కార్లు మరింత సుకుమారులు. పొగలోని మసిని పట్టే జల్లెడ పూడుకొనిపోకుండా బూడిద తక్కువగా మిగిల్చే నూనెనే వాటికి పోయాలి. కారుతో ఇచ్చే చిన్న పుస్తకంలో ఇదంతా ఉన్నది. ఆ పుస్తకం విప్పినవారిని నేనింతవరకు చూడలేదు. నేనూ విప్పలేదు.

ఒక బోల్టుకు బదులు మరొకటి విప్పి, గేరుబాక్సు నూనె అంతా దించివేసి, ఇంజనులో పాత నూనె మీద క్రొత్తది పోసిన ఘనులు కూడా ఉన్నారు. మూత పెట్టడం మరచినవారి సంగతి చెప్పనక్కరలేదు. ఫిల్టరు మార్చకుండానే బిల్లులో వ్రాయడం పొరపాటు కాదు, వేరొక విద్య. దానిని ఇక్కడ కలపను.

ఇవన్నీ చదువు రాని కుర్రవాళ్ళు చేసే తప్పులని ఎవరైనా అంటే, 1983 మే 5న అమెరికాలో జరిగిన సంగతి చెప్పవలసి ఉంటుంది. ఈస్టరన్ ఎయిర్‌లైన్స్ వారి మూడు ఇంజన్ల విమానం 172 మందితో మయామీ నుంచి నసావుకు బయలుదేరినది. సముద్రం మీద ఒక ఇంజనులో నూనె ఒత్తిడి పడిపోయినది. దానిని ఆపి వెనుకకు తిప్పారు. తక్కిన రెండింటిలోనూ నూనె ఇంకిపోయి అవీ ఆగిపోయాయి. మొదట ఆపిన ఇంజనునే మళ్ళీ అంటించి, దానితోనే మయామీలో దిగారు. ఎవరికీ ప్రాణహాని లేదు. కారణం రబ్బరు వలయాలు! నూనెలో లోహపు రజను ఉన్నదేమో చూచే చిన్న భాగాలను ముందు రాత్రి మార్చారు. వలయాలు తొడిగి సిద్ధంగా ఉన్న భాగాలు ఎప్పుడూ పర్యవేక్షకుని బీరువాలో దొరికేవి. ఆ రాత్రి అక్కడ లేవు. గిడ్డంగి నుంచి తెచ్చుకొన్నారు. వాటికి వలయాలు లేవు. ఎప్పుడూ ఉంటాయి గదా అని చూడలేదు. వారు శిక్షణ పొంది, ధ్రువపత్రాలు పొందిన నిపుణులు. మూడు ఇంజన్లకూ అదే తప్పు చేశారు.

'ఎప్పుడూ వచ్చేస్తుంది మాస్టారూ' అన్న మాట అది చదివిన రోజున నా చెవిలో మళ్ళీ వినబడినది.

మేస్త్రి దగ్గరకు వెళ్ళి నా సంగతి ఒకటి చెప్పాను. చాలా ఏళ్ళ క్రిందట ఒక పిల్లవాని పత్రంలో చివరి పుట వెనుకనున్న జవాబును చూడకుండా మార్కులు కూడాను. అంతకుముందు దిద్దిన నలభై పత్రాలలో ఆ వెనుక ఏమీ లేదు. ఇందులోనూ ఉండదనుకొన్నాను. నా తరువాత కూడికలు సరిచూచే అధికారి పుట తిప్పడంవల్ల అది బయటపడినది. లేకపోతే ఆ పిల్లవాడు నాలుగు మార్కులతో తప్పేవాడు. "ఆ రోజు నన్నెవరూ రేపటి నుంచి రావద్దనలేదు" అన్నాను.

మేస్త్రి చాలాసేపు చేతులు తుడుచుకొన్నాడు. "మీకు వెనకాల చూసేవాడు ఉన్నాడు మాస్టారూ. ఇక్కడ నేను చూడాలి. నేను చూడలేదు" అన్నాడు.

ఇంజను బేరింగులు మార్చవలసి వచ్చినది. సామాను ఖర్చు చెరిసగం పెట్టుకొన్నాము; కూలి అతడు తీసుకోలేదు. ఎర్రదీపం వెలిగిన తరువాత మూడు కిలోమీటర్లు నడిపినవాడిని నేనే కనుక అంతకంటె అడగడానికి నాకు నోరు రాలేదు.

ఈ ఏడాది మళ్ళీ నూనె మార్చే గడువు వచ్చినది. అదే షెడ్డుకు వెళ్ళాను. కుర్రవాడు అక్కడే ఉన్నాడు. పాత ఫిల్టరు విప్పి, ఇంజను మీద ఆనుకొనే చోటును గుడ్డతో తుడిచి, వేలితో చుట్టూ తడిమి చూశాడు. తరువాత మేస్త్రి వంగి తాను తడిమాడు. అప్పుడు కుర్రవాడు లేచి వచ్చి, నేను అడగకుండానే, నూనె కారుతున్న పాత రబ్బరు వలయాన్ని నా అరచేతిలో పెట్టాడు.