పనిని మనిషికి తగినట్లు మలచుట

‘ఆక్యుపేషనల్ థెరపీ’ని తెలుగున వృత్తి చికిత్స యందురు. అది ఉద్యోగములు ఇప్పించు శాఖ కాబోలునని మా విద్యార్థి యొకడు తలచినాడు. ఇచట వృత్తి యనగా జీతపు పని మాత్రమే గాదు. అన్నము కలుపుకొనుట, తల దువ్వుకొనుట, ఉత్తరము వ్రాయుట మున్నగు నిత్యకృత్యములన్నియు వృత్తులే. వ్యాధి వలననో ప్రమాదము వలననో చేజారిన ఆ పనులను మరల చేసికొనునట్లు చేయుట ఈ శాస్త్రపు లక్ష్యము. మన దేశమున దీనిని బోధించు తొలి పాఠశాలను 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ నెలకొల్పినారు.

ఈ విద్యార్థికి మొదట నేర్పవలసినది పనిని విడదీసి చూచుట. మన ఎర్రుపాలెము ప్రాంతమున అందరెరిగిన పనినే తీసికొందము: మిరపకాయల తొడిమలు తీయుట. నేలపై కూర్చుండవలెను, తాలు కాయలను ఏరవలెను, ఒక చేత కాయను పట్టి, రెండవ చేతి బొటనవ్రేలితో, చూపుడు వ్రేలితో తొడిమను లాగవలెను, ఘాటును ఓర్చుకొనవలెను. ఒక్క పనిలో ఇన్ని పనులున్నవి.

పక్షవాతము వచ్చిన స్త్రీ ఈ పనికి మరల రాదలచినదనుకొందము. నేలకు మారుగా పీట, ఎదుట బల్ల వేయవచ్చును. మొదట తాలు కాయలు ఏరుట చాలును. అది ఒక చేతితోనే అగును. పిదప బలహీనమైన చేయి కాయను అదిమి పట్టును. చివరకు తొడిమ లాగుట. మిక్కిలి సులువు చేసినచో చేయి బలపడదు. మిక్కిలి కష్టము చేసినచో మనసు విరుగును. ఈ రెంటి నడుమ మెట్టును కనుగొనుటయే విద్యార్థి నేర్పు.

ఒకరికి తగిన మార్పు వేరొకరికి తగదు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల వ్రేళ్లు దెబ్బతినుటకు నొప్పి తెలియక తగులు గాయములు ముఖ్య కారణమని చూపినారు. అట్టివారికి వ్యాయామమొకటే చాలదు; గరిటెకు వేడి తగులని లావైన పిడి, పని ముగియగానే చేతులు పరీక్షించుకొను అలవాటు కావలెను.

మన కళాశాల విద్యార్థులు ఒక పరీక్ష చేసి చూడవచ్చును. ఎడమ చేతితో తెలుగు వ్రాసినచో చేయి వ్రాసిన అక్షరములను కప్పును. ఉర్దూ వ్రాసినచో చేయి ఖాళీ కాగితముపైకి సాగును; అక్షరములు కనబడుచునే యుండును. తెలుగునకు కాగితమును ప్రక్కకు వాల్చవలసి వచ్చును. చేయి అదే, లిపి మారగా ఉపాయము మారినది.

కాని ఉపాయమునకు ముందు ప్రశ్న యుండవలెను. కుడిచేయి పడిపోయిన మా మామగారికి ఇంటివారమందరము ప్రేమతో ముద్దలు కలిపి పెట్టితిమి. ఆయన కోరినది తన కొడుకునకు స్వహస్తముతో ఒక ఉత్తరము వ్రాయుట. ఆ సంగతి ఆయన పోయిన పిదప మాకు తెలిసినది. ‘మీరేమి చేయగోరుచున్నారు?’ అని మేమెన్నడును అడుగలేదు.

విద్యార్థులారా, మీలో ఎవరైనను ఈ విద్యను అభ్యసింపబోయినచో, ఆ ప్రశ్నతోనే ప్రారంభింపుడు.