హంగేరీలో మంత్రగత్తెల వేట

హంగేరీ రాజు కాల్మాన్ (1095–1116) తన శాసనాల్లో స్ట్రిగా అనే మంత్రగత్తెలు అసలు లేరని, వారిపై విచారణ జరపరాదని రాయించాడు. చేతబడి నేరాన్ని మాత్రం శిక్షార్హంగానే ఉంచాడు. స్ట్రిగాలు లేరనడమే ఆ కాలానికి పెద్ద విశేషం.

ఊళ్లలో నమ్మకాలు వేరుగా సాగాయి. పళ్లతోనో, ఆరు వేళ్లతోనో పుట్టినవాడు తాల్తోష్ అవుతాడనీ, అతనికి అతీత శక్తులుంటాయనీ అనేవారు. డిసెంబర్ 13న, లూచా పండుగనాడు, ఒక పీట చేయడం మొదలుపెట్టి క్రిస్మస్ దాకా రోజుకు కొంచెంగా చెక్కేవారు. క్రిస్మస్ అర్ధరాత్రి ప్రార్థనలో దాని మీద నిలబడితే ఊళ్లోని మంత్రగత్తెలు కనిపిస్తారట. వాళ్లు వెంటపడితే గసగసాలు చల్లాలి. అవి ఏరుకునేలోగా ఇల్లు చేరుకోవచ్చు.

పశ్చిమ ఐరోపాలో వేట సద్దుమణుగుతున్న 18వ శతాబ్దం తొలి సగంలో, తురుష్కుల పాలన ముగిసిన హంగేరీలో అది ఉధృతమైంది. కరవు బారిన పడిన సెగెద్ పట్టణంలో, వానను తురుష్కులకు అమ్మేశారని కొందరిపై అభియోగం మోపారు. అనుమానితులను కట్టి నీళ్లలో వేసేవారు, తేలితే దోషి. తక్కెడలో తూచి, తేలికగా ఉన్నా దోషే. ఏది జరిగినా తప్పించుకునే దారి తక్కువ. 1728 జులైలో తిసా నది ఒడ్డున డజను మంది దాకా సజీవ దహనమయ్యారు. వారిలో ఒకప్పుడు పట్టణ న్యాయాధికారిగా పనిచేసిన వృద్ధుడు డానియెల్ రోజా కూడా ఉన్నాడు.

మరియా థెరీసా రాణి 1756లో ఇలాంటి కేసులను తన పరిశీలనకు పంపాలని ఆదేశించింది. ఆమె వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ ఆ అభియోగాలు అజ్ఞాన ఫలితమని వాదించాడు. 1768 నాటికి విచారణలు దాదాపు ఆగిపోయాయి.