పాటలో తుపాకీ ఎక్కడిది?

1995. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ పక్కనే ఉండే కాంప్టన్. ఎనిమిదేళ్ల పిల్లాడొకడు నాన్న భుజాలెక్కి పాట షూటింగ్ చూస్తున్నాడు. ఎదురుగా టూపాక్ షకూర్, డాక్టర్ డ్రే! మరుసటి ఏడాదే టూపాక్‌ను లాస్ వేగాస్‌లో కాల్చి చంపేశారు. అప్పటికి అతడికి పాతికేళ్లే.

ఆ పిల్లాడే కెండ్రిక్ లమార్. తుపాకీ మోత అతడికి కొత్త కాదు. ఐదేళ్లప్పుడే ఇంటి బయట ఓ మనిషిని కాల్చేయడం చూశానని తనే చెప్పాడు. 2012లో వచ్చిన ‘గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ’ ఆల్బమ్ నిండా ఆ వీధులే. గ్యాంగులు, దోస్తులు, మధ్యమధ్యలో ఇంటికి రమ్మంటూ అమ్మానాన్నల వాయిస్ మెసేజ్‌లు. వింటుంటే హీరోయిజం కన్నా ఓ కుర్రాడి భయమే ఎక్కువ తెలుస్తుంది. ఆ తర్వాత వచ్చిన ‘డ్యామ్’ ఆల్బమ్‌కు 2018లో పులిట్జర్ కూడా దక్కింది.

అందరి కథా అవార్డు దాకా వెళ్లదు. కొందరిది కోర్టు మెట్లెక్కుతుంది. అక్కడి కేసుల్లో ప్రాసిక్యూటర్లు ర్యాపర్ల లిరిక్స్‌నే సాక్ష్యంగా చదివి వినిపిస్తుంటారు. ‘నేను కాల్చాను’ అని పాడితే, పాడినవాడే కాల్చినట్టా? విలన్ వేషం వేసిన నటుణ్ని మనం అరెస్ట్ చేయం కదా! అందుకే కాలిఫోర్నియా 2022లో ఓ చట్టం తెచ్చింది. పాటను సాక్ష్యంగా ఒప్పుకునే ముందు, దానివల్ల జ్యూరీకి నిందితుడి మీద అన్యాయమైన అభిప్రాయం పడుతుందేమో జడ్జి ఆలోచించాలి.

ఈసారి హెడ్‌ఫోన్స్‌లో తుపాకీ మాట వినిపిస్తే బీట్ దగ్గరే ఆగిపోకండి. ఆ మాట పుట్టిన వీధిలో ఓ పిల్లాడు ఏం చూసి పెరిగాడో కూడా వినండి.