ఇద్దరు తల్లులు, ఒక ఆదివారం

పట్నంలో ఒక పాపను సాకుతున్న తల్లి, వీపనగండ్లలో తన పాపను ఎప్పుడు చూసుకోవాలి?

ఇది పట్నం ఇళ్లలో చంటిపిల్లలను చూసుకునే తల్లుల గురించి. పాలమూరు సీమలోని వీపనగండ్ల వైపు పల్లెల్లో బిడ్డను అవ్వ దగ్గర వదిలి హైదరాబాద్‌లో పనికి కుదరడం కొత్త కథ కాదు. ఊళ్లోని పాపకు ఒడి అవ్వది, పట్నంలోని పాపకు ఒడి ఈ తల్లిది.

ఇంటిపనివాళ్ల హక్కుల గురించి చదివిన కాగితాలన్నింటిలో నన్ను పట్టి ఆపింది ఒక్కటే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్ 16న జెనీవాలో ఆమోదించిన 189వ ఒప్పందం. ఇంటిపని చేసేవాళ్లూ అందరిలాంటి కార్మికులేనని చెప్పిన ఒప్పందం ఇది. మన దేశం దానికి అనుకూలంగా ఓటేసింది, ధ్రువీకరించడం మాత్రం పెండింగులోనే ఉంది. పదో అధికరణం ప్రకారం వారంలో కనీసం 24 గంటలు ఏకధాటిగా సెలవు ఉండాలి.

ఆ 24 గంటలను వీపనగండ్ల దారి మీద పెట్టి చూద్దాం. ఆ తల్లి శనివారం సాయంత్రం ఆరింటికి పాపను వాళ్లమ్మకు అప్పగించి బయటపడిందనుకుందాం. ఎంజీబీఎస్ బస్టాండు చేరి, బస్సు దొరికి, జడ్చర్ల, కొత్తకోట దాటి పెబ్బేరులో దిగాలి. అక్కడ ఆటో దొరకాలి. ఊరు చేరేసరికి ఐదారు గంటలు. సొంత బిడ్డ అప్పటికే అవ్వ పక్కన నిద్రపోయి ఉంటుంది. ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా మళ్లీ ఆ ఇంట్లో ఉండాలంటే మధ్యాహ్నం పన్నెండుకే బస్సెక్కాలి. బిడ్డ లేచి, మొదట బిడియపడి, తర్వాత దగ్గరికొచ్చి, తల దువ్వించుకుని, నాలుగు ముద్దలు తిని, బడి ముచ్చట మొదలుపెట్టేసరికి అమ్మ సంచి సర్దుకుంటుంది. 24 గంటల్లో తల్లీబిడ్డలు ఇద్దరూ మెలకువగా ఉండేది నాలుగైదు గంటలు. అదీ వారానికోసారి సెలవు దొరికితే.

ఒప్పందంతో పాటు వచ్చిన 201వ సిఫారసులో ఇంకో మాట ఉంది. వారపు సెలవులను కలిపి ఇచ్చే పద్ధతి ఉన్న చోట, ఆ కలపడం పద్నాలుగు రోజులు దాటకూడదు. ఈ దారికి సరిపోయే లెక్క నాకు ఇక్కడే దొరికింది. రెండు వారాలకోసారి వరసగా రెండు రోజులు ఇస్తే దారిఖర్చు సగమవుతుంది, బిడ్డతో గడిపే సమయం దాదాపు రెండింతలవుతుంది. ఇంటివాళ్లు విహారయాత్రకు వెంట తీసుకెళ్లిన రోజులను ఆమె సెలవుగా లెక్కించకూడదనీ అదే సిఫారసు చెబుతుంది. పాపను ఎత్తుకోవడానికే కదా ఆమెను తిరుపతికి తీసుకెళ్లేది!

ఒప్పందం పదో అధికరణంలోనే మరో సంగతి. పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉండాల్సిన వేళలు కూడా, దేశ చట్టాలు నిర్ణయించిన మేరకు, పనిగంటలే. పాప పక్కన పడుకుని, ఏడిస్తే పాలు కలిపే మనిషి రాత్రంతా పనిలో ఉన్నట్టే. ఆ రాత్రిని నిద్రగా రాసుకుంటున్నాం.

ఆయాకూ పాపకూ మధ్య పెరిగే అనుబంధం నాకు ఇష్టం. చంటిపిల్లకు ప్రేమ ఎవరి చేతినుంచి వచ్చినా మేలే. పాప తన దగ్గరికి రాకుండా ఆయా భుజానే పట్టుకుంటే కన్నతల్లికి గుండె చివుక్కుమంటుంది. దానికి ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. ఊళ్లో సొంత బిడ్డ అవ్వనే అమ్మా అని పిలిస్తే ఈ తల్లికి కలిగేదీ అదే నొప్పి. నాకు నమ్మకం లేనిదల్లా "ఆమె మా ఇంటి మనిషే" అన్న మాట మీద. ఇంటి మనిషికి జీతం పెంచమని అడగడం మొహమాటం, సెలవు అడగడం తప్పు. పాప బడికి వెళ్లగానే పని పోతుంది. పెంచిన పిల్లను మళ్లీ చూడటానికి ఏ దారీ ఉండదు.

ఈ ఇద్దరు తల్లులను చట్టం రెండు తీర్లుగా చూస్తోంది. 2017 సవరణతో ఉద్యోగం చేసే తల్లికి మొదటి ఇద్దరు పిల్లల వరకు 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. 50 మంది, ఆపైన పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. మంచి చట్టం. కానీ ఇల్లు సంస్థ కాదు, అక్కడ పనిచేసేది ఒక్కరే. నాలుగుసార్లన్న మాట వీపనగండ్ల తల్లికి ఏడాది లెక్క: ఉగాది, దసరా, జాతర, ఎవరిదో పెళ్లి.

ఈ ఇంటిపని, ఈ వలసల వెనకటి సంగతి క్లుప్తంగా. గడీల కాలంలో దొరబిడ్డ అత్తారింటికి పోతే ఆమె వెంట సేవకు పేదింటి పిల్లను పంపేవారు. ఆడబాపలనే ఆ పిల్లల బతుకు దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' నవలకెక్కింది. వెట్టి మీద గొంతెత్తిన ఆంధ్రమహాసభ తొలిసారి 1930లో జోగిపేటలో కూడితే, అధ్యక్షులు పాలమూరు సీమవారే అయిన సురవరం ప్రతాపరెడ్డి. కరువులు పాలమూరు కూలీలను దేశమంతటా ప్రాజెక్టుల పనికి తరిమాయి. 1981లో శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు కృష్ణా నది ఒడ్డు ఊళ్లను ముంచాయి. నగరం పెరిగింది, ఇంటిపనీ పెరిగింది.

చట్టంలో ఉన్నవి
ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ఇంటిపనిని కనీస వేతనాల పరిధిలోకి తెచ్చింది. పనిచోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ఇళ్లకూ వర్తిస్తుంది. ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి ఇవ్వాలి. ఇంటిపనివాళ్లకు ప్రత్యేక చట్టం అవసరమా అన్నది పరిశీలించడానికి కమిటీ వేయాలని సుప్రీంకోర్టు 2025 జనవరి 29న కేంద్రానికి చెప్పింది.

సముద్రం అవతల
ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే మన స్త్రీలకు కనీసం 30 ఏళ్లు ఉండాలి. ఆ వయసుకు చాలామంది తల్లులై ఉంటారు. కువైట్ 2015 చట్టం వారానికో సెలవు రోజు, ఏడాదికి జీతంతో సెలవు ఇవ్వాలంటుంది. కార్మిక సంస్థ 2021 నివేదిక ప్రకారం ప్రపంచంలో ఇంటిపనివాళ్లు 7.56 కోట్లు, నలుగురిలో ముగ్గురికి పైగా స్త్రీలే.

ఇంటిపనివాళ్లకు ప్రత్యేక చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. పాపను చూసుకునే మనిషి ఉన్న ప్రతి ఇల్లూ ఒక తెల్లకాగితం తీసుకోవచ్చు. జీతం, పనివేళలు, రాత్రి పనికి వేరే లెక్క, రెండు వారాలకోసారి వరసగా రెండు రోజులు, బస్సు ఛార్జీ, రోజూ బిడ్డతో ఫోన్ మాట్లాడుకునే పూట, ఏ పండుగకు ఊరెళ్లాలో ఆమె ఇష్టం. పని మానేశాక కూడా పాపను చూడటానికి రావచ్చన్న మాట కూడా రాయండి. ఆ రెండు రోజులు మీ పాపను మీరే, అమ్మానాన్నలిద్దరూ, చూసుకోండి. మీ బిడ్డకు తల్లిలాంటి మనిషి అని నిజంగా నమ్మితే, ఆమె బిడ్డకు తల్లి కావలసిన రోజు మీ దగ్గరే ఉంది. దాన్ని ఆమెకు ఇచ్చేయండి.