సందులో నూలు

భివండి పద్మనగర్ మగ్గాల చప్పుడుకు చెవులు మొద్దుబారినవాళ్లు ఠాణే బస్సెక్కితే, కాశేలి వంతెన మీద ఒక్క నిమిషం కిటికీ వైపు తిరుగుతారు. కింద ఉల్హాస్ ఖాడీ, అంటే సముద్రపు పాయ. పోటుకు నిండుతుంది, ఆటుకు బురద తేలుతుంది. సిరిసిల్ల నుంచో నల్లగొండ నుంచో భివండికి వచ్చిన నేతమనిషికి ఈ నీళ్లతో పనేముంది? అతని బతుకంతా నూలు. అయితే పాత చెక్క మోటారు పడవను బాగుచేసేచోట నిలబడితే అక్కడా నూలే కనిపిస్తుంది.

ఈ ఖాడీకి పడవల పని కొత్త కాదు. 1657లో కల్యాణ్, భివండి చేజిక్కించుకున్నాక శివాజీ యుద్ధనౌకలు కట్టించడం మొదలుపెట్టింది ఇక్కడే. 2016 చట్టం దీన్ని 53వ జాతీయ జలమార్గంలో చేర్చింది. మన వైపు ఇలాంటి పేరున్న రేవు కోరంగి. 1802 నాటికే అక్కడ ఓడలు బాగుచేసేవారు. 1839 ఉప్పెన ఊరిని ముంచేసినా చేతిపని పోలేదు. పక్కనున్న తాళ్లరేవులో చెక్క పడవలు కడుతూనే వచ్చారు. రంగూన్‌లో తెలుగువాళ్లను ‘కోరంగీలు’ అన్నది ఆ రేవు పేరుతోనే. (భివండిలో మనకు అలాంటి పేరేదీ అంటుకోలేదు, రైలెక్కి వచ్చినందుకేమో!)

పాత పడవను అమావాస్యకో పౌర్ణమికో, పెద్ద పోటు చూసుకుని ఒడ్డెక్కిస్తారు. వడ్రంగి సుత్తితో పలకలు తట్టుకుంటూ పోతాడు. గట్టి చెక్క ఖంగుమంటుంది. పుచ్చింది మొద్దుగా పలుకుతుంది. కంటిని మాత్రం నమ్మడు. ఉప్పునీటి ఓడపురుగు పైన గుండుసూది బెజ్జమంత గుర్తే వదిలి, లోపలంతా డొల్ల చేస్తుంది మరి. ఇనుప మేకులున్నచోట తుప్పు చుట్టూ చెక్క నల్లబడి మెత్తనవుతుంది.

పక్కటెముకల్లాంటి వంపు చెక్కలు పాడైతే ఒకటి తీసి ఒకటి వెయ్యాలి. అన్నీ ఒక్కసారే పీకితే పడవ తన ఆకారం మరిచిపోతుంది. వాటికి తుమ్మ మంచిది. పుట్టుకతోనే వంకర తిరిగిన కొమ్మలో చెక్క నార కూడా వంపు వెంటే నడుస్తుంది. తిన్నని దుంగలోంచి వంపుగా కోస్తే ఆ నార తెగి, అక్కడే విరుగుతుంది.

ఇక సందులు. పలకకూ పలకకూ మధ్య పాత కూరుడంతా గోకి, నూలు పేటలు పురిపెట్టి, మొండి ఉలితో దట్టిస్తారు. పైన గుగ్గిలం, నూనె కలిపిన ముద్ద. నూలు తక్కువైతే నీళ్లు ఊరతాయి. ఎక్కువైతే పలక తడిసి ఉబ్బినప్పుడు మేకులే కదిలిపోతాయి. ఎంత కూరాలో కొలత చెప్పే పుస్తకం కన్నా ఉలి మోత నమ్మకమైనది. పడుగు బిగువు వేలితో తాకి చెప్పే మనిషికి ఇదేం వింత కాదు.

ఇంజన్ గురించి అందరూ బెంగపడతారు గానీ, డీజిల్ మెకానిక్ ఎక్కడైనా దొరుకుతాడు. చిక్కంతా పంకాను తిప్పే షాఫ్టు దగ్గర. అది పడవలోంచి బయటికి పోయే గొట్టంలో నీళ్లు రాకుండా చుట్టేది గ్రీజు పట్టించిన నూలు తాడే. దాన్నీ ఊపిరాడనంతగా బిగించకూడదు. అప్పుడప్పుడు ఒక చుక్క కారాలి, లేకపోతే షాఫ్టు కాగిపోతుంది.

ఫైబర్ పడవ తేలిక, చాకిరీ తక్కువ. అటు మళ్లినవాళ్లను తప్పుపట్టలేం. కానీ చెక్క పడవలో పాడైన ముక్కను మాత్రమే తీసి, దాని చోట ఇంకోటి వెయ్యొచ్చు. అలా సగం పడవ మారిపోయినా పేరు పాతదే.

నీళ్లలో దించిన తొలిరోజు పడవ కారుతుంది. కొత్తవాళ్లకు గుండె జారుతుంది. పాతవాళ్లు పంపు పెట్టి, పక్కనే పడుకుంటారు. ఎండిన పలకలు నీళ్లు తాగి ఉబ్బి, నూలును రెండు పక్కలా నొక్కేదాకా రోజులు పట్టొచ్చు. ఒడ్డున దిమ్మెల మీద నిలబడ్డ చెక్క నీళ్లలో వేరుగా సర్దుకుంటుంది కాబట్టి, అక్కడ తిన్నగా కుదిర్చిన ఇంజనూ షాఫ్టూ ఇక్కడ వెంట్రుకవాసి తప్పుతాయి. అడుగున ఊట ఆగాకే రెంటినీ మళ్లీ తిన్నగా కుదిర్చి, పానా తీసి వాటిని కలిపే కప్లింగ్ బోల్టులు బిగిస్తారు.