పేరు పెట్టిన మొక్కకు నీళ్లెవరు పోస్తారు?

రాజస్థాన్‌లోని రాజ్‌సమంద్ పాలరాతి గనుల జిల్లా. తవ్విన రాయి లారీలెక్కి వెళ్లిపోతుంది, పనికిరానిది గుట్టలుగా మిగిలిపోతుంది. ఆ జిల్లాలోని పిప్లాంత్రి గ్రామంలో ఆడపిల్ల పుడితే 111 మొక్కలు నాటుతారు.

ఈ ఆనవాయితీ వెనక ఒక తండ్రి దుఃఖం ఉంది. 2005లో సర్పంచ్ అయిన శ్యామ్‌సుందర్ పాలివాల్, ఆ పదవిలో ఉండగానే కూతురు కిరణ్‌ను పోగొట్టుకున్నారు. ఆమె పేరున ఒక మొక్క నాటారు. మనలో చాలామందిమి అక్కడితో ఆగిపోతాం. ఆయన మాత్రం ఊళ్లో పుట్టే ప్రతి ఆడబిడ్డకూ మొక్కలు నాటాలనుకున్నారు. కూతురు పుట్టిందంటే బరువని దిగులుపడే ఇళ్లున్న చోట, ఆ పుట్టుకను ఊరంతా కలిసి పండగ చేసుకునేలా మార్చారు.

నాటేవి వేప, మామిడి, ఉసిరి లాంటివి. చెదలు పట్టకుండా చుట్టూ కలబంద పెట్టారు. ఆ కలబంద గుజ్జు, రసమే తర్వాత ఆడవాళ్లకు సంపాదన అయింది. వాన నీరు జారిపోకుండా గుట్టల మీద కందకాలు తవ్వారు. ఆ పని జరగకపోతే అన్ని మొక్కలు బతికేవే కావు. పుట్టిన పిల్ల పేరున ఊరివాళ్లు 21 వేలు, తండ్రి 10 వేలు కలిపి బ్యాంకులో డిపాజిట్ వేస్తారు. చదువు మాన్పించబోమనీ, ఈడు రాకముందే పెళ్లి చేయబోమనీ, మొక్కల్ని సాకుతామనీ తల్లిదండ్రులు కాగితం మీద సంతకం చేస్తారు. ఊళ్లో ఎవరైనా కన్నుమూస్తే వారి పేరున 11 మొక్కలు నాటుతారు.

రాఖీ పున్నమికి అక్కడి ఆడపిల్లలు చెట్లకు రాఖీలు కడతారు. ఫొటోల్లో అందరూ చూసేది అదే. నాకు మాత్రం అన్నిటికన్నా ఆ సంతకమే గొప్పగా అనిపిస్తుంది. ప్రేమ మాటల్లో ఆగిపోకుండా, బాధ్యతగా మారింది అక్కడే. 2021లో పాలివాల్‌కు పద్మశ్రీ వచ్చింది.

మన దగ్గరా పుట్టినరోజుకూ, వర్ధంతికీ మొక్క నాటడం ఇప్పుడు మామూలైంది. మంచిదే. కానీ ఫొటో దిగాక ఆ మొక్క ముఖం మళ్లీ చూసేవాళ్లు ఎంతమంది? నాన్న పేరున పెట్టిన మొక్క వేసవిలో ఎండిపోతే, ఆ పేరు అక్కడ రాయకపోయినా బాగుండేదనిపిస్తుంది. మొక్కలే బతుకనుకున్న మనిషీ మన దగ్గర ఉండేవారు. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య సైకిల్ మీద తిరుగుతూ, దారి పొడవునా మొక్కలు నాటుతూ బతికారు. భార్య జానమ్మ ఆయనకు తోడు నిలిచారు. 2017లో ఆయనకూ పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూసినప్పుడు నివాళిగా మొక్కలు నాటినవాళ్లు ఒకసారి వెళ్లి వాటిని చూసి రావాలి.

ఈ తొలకరికి అమ్మ పేరునో, స్నేహితుడి పేరునో మొక్క పెట్టాలనుకుంటే ముందు చోటు చూసుకోండి. కరెంటు తీగల కింద వద్దు, రేపు రోడ్డు వెడల్పు చేస్తే పోయే చోట అసలే వద్దు. మేకలు మేయకుండా కంచె కట్టండి. మీరుండేది దూరమైతే, అక్కడుండే మనిషి దగ్గర మాట తీసుకోండి. మొదటి మూడు వేసవులు నీళ్లు ఎవరు పోస్తారో తేలాకే గుంత తవ్వండి.