ఎగ్జిమా మచ్చ మీద 70 శాతం

ఎగ్జిమా ఉన్న 100 మందిని పరీక్షిస్తే, సుమారు 70 మందికి ఆ మచ్చ మీద స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా దొరుకుతుంది. మచ్చ లేని చోట చూసినా 39 మందిలో ఉంటుంది. చాలా పరిశోధనలను కలిపి 2016లో తేల్చిన లెక్క ఇది.

అయితే యాంటీబయాటిక్ పూస్తే పోతుందా? బ్రిటన్‌లో 113 మంది పిల్లల మీద చూశారు. రసి కారుతున్నా తీవ్రంగా చీము పట్టని ఎగ్జిమాకు మామూలు చికిత్సతో పాటు యాంటీబయాటిక్ ఇచ్చినా అదనపు మేలు కనబడలేదు. అసలు లోపం చర్మపు గోడలో ఉంది. ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ సరిగా తయారుకాని వాళ్లకి ఎగ్జిమా ముప్పు ఎక్కువని 2006లో తేలింది. గోడ బీటలు వారితే ఈ బ్యాక్టీరియా తేలిగ్గా కాపురం పెడుతుంది. ఆరోగ్యమైన చర్మం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5 దగ్గర ఉంటుంది, సబ్బుది 9 దాటుతుంది. భావనపాడు తీరంలో వలలు లాగేవాళ్లు, నౌపడా ఉప్పు మడుల్లో దిగేవాళ్లు పని ముగిశాక చేతుల్ని ఘాటు సబ్బుతో రుద్దితే ఆ బీటలే పెరుగుతాయి. మంచినీళ్లతో కడిగి, తడి ఆరకముందే నూనె గానీ వాజ్లీన్ గానీ రాయాలి.

ఏ నూనె? ఈ తీరానికి ఆనుకునే కొబ్బరితోటల ఉద్దానం ఉంది గనుక ఈ లెక్క చెప్పాలి. 2008లో అచ్చయిన పరిశోధనలో 26 మందికి వర్జిన్ కొబ్బరినూనె, మరో 26 మందికి ఆలివ్ నూనె 4 వారాలు రాశారు. మొదట్లో బ్యాక్టీరియా ఉన్న 20 మందిలో కొబ్బరినూనెతో ఒక్కరికే మిగిలింది. ఆలివ్ నూనె వైపు 12 మందిలో ఆరుగురికి మిగిలింది. చిన్న పరిశోధనే. పైగా అది పచ్చికొబ్బరి నుంచి తీసిన నూనె, ఎండు కొబ్బరిది కాదు. అయినా మన తోటల్లో పండే కొబ్బరికి ఇంత ఆధారం ఉండటం నాకు చాలా సంతోషం.

నన్ను బాధపెట్టేది స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపిన ట్యూబు. చీటీ లేకుండా కొనేస్తారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలకు డాక్టరు చీటీ తప్పనిసరి చేసింది. ఆ మచ్చ ఎగ్జిమా కాక ఫంగస్‌తో వచ్చే తామర అయితే, స్టెరాయిడ్‌తో ఇంకా పాకుతుంది. డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్‌కు మాత్రం భయపడనక్కర్లేదు. వాపు తగ్గితే బ్యాక్టీరియా కూడా తగ్గుతుంది. పెద్దవాళ్ల చూపుడువేలి చివరి కణుపంత పొడవు పిండితే అర గ్రాము, వేళ్లతో కలిపి రెండు అరచేతులంత మచ్చకు చాలు.

జ్వరంతో పాటు నొప్పి పెట్టే నీటి పొక్కులు గుంపుగా లేస్తే ఏ పూతా వద్దు. ఆ రోజే టెక్కలి ఆసుపత్రికి వెళ్లాలి.